సార్త్ర్ చెప్పిన నరకం అది కాదు

ఈమధ్య వాట్సాప్ స్టేటస్‌లలో ఫ్రెంచి తత్వవేత్త, నాటకకర్త సార్త్ర్ పేరుతో ఒక మాట తెగ తిరుగుతోంది: "నరకమంటే ఇతరులే అన్నాడు సార్త్ర్. ఎవరినీ పట్టించుకోకు. నీకు నువ్వు తెలిస్తే చాలు, ఎవరికీ జవాబు చెప్పక్కర్లేదు." మొదటి వాక్యమే సగం నిజం. మిగతాదంతా ఆయన నెత్తిన రుద్దిందే.

ఆ మాట అన్నది గార్సాన్ అనే పాత్ర, 1944లో పారిస్‌లో మొదటిసారి ఆడిన 'హుయీ క్లో' అనే సార్త్ర్ ఏకాంకికలో. చచ్చిపోయిన ముగ్గురిని నరకంలో ఒకే గదిలో పెడతారు. మంటలుండవు, కొరడాలుండవు, చివరికి అద్దం కూడా ఉండదు. ఈ గార్సాన్ శాంతివాద పత్రిక నడిపి, యుద్ధం రాగానే రైలెక్కి పారిపోతూ దొరికిపోయి తూటాలకు పోయినవాడు. ఇంటికి ఇంకో ఆమెను తెచ్చుకుని, పొద్దున్నే ఇద్దరికీ పెళ్లాం చేత కాఫీ తెప్పించుకున్నవాడు. అలాంటివాడి ఏడుపునా మనం సూక్తి చేసుకునేది?

పోనీ, ఇతరులను వదిలించుకుంటే నరకం పోతుందా? నాటకంలో ఒకచోట తలుపు తెరుచుకుంటుంది. గార్సాన్ కదలడు. తను పిరికివాడు కాదని ఆ ముగ్గురిలో ఒకరైన ఇనెస్ నోట వినాలి అతనికి. ఆమె అనదు. నువ్వు చేసిందే నువ్వు, అనుకున్నది కాదు అని తేల్చేస్తుంది. జవాబు చెప్పక్కర్లేదనేవాళ్లు ఈ ఘట్టం ఒక్కసారి చదవాలి.

దాదాపు ఇరవై ఏళ్ల తర్వాత సార్త్రే ఈ అపార్థాన్ని సరిదిద్దాడు. ఇతరులతో బంధం ఎప్పుడూ విషమే అనలేదు, అది చెడితేనే నరకం అన్నాడు. మనల్ని మనం తెలుసుకోవడానికి ఇతరులే అన్నిటికన్నా ముఖ్యమనీ అన్నాడు.

"నీకు నువ్వు తెలిస్తే చాలు" అన్నదే నాకు అసలు మింగుడుపడదు. 1943 నాటి పుస్తకంలో ఆయన చెప్పిన మనిషి తాళం కన్నంలోంచి తొంగిచూస్తుంటాడు. వెనక అడుగుల చప్పుడు. ఎవరో చూస్తున్నారు. సిగ్గు ముంచుకొస్తుంది. తనేం చేస్తున్నాడో అప్పుడు తెలుస్తుంది. ఆ చూపు గుచ్చుకుంటుందని సార్త్ర్ దాచలేదు.

మొన్న మా అమ్మ ఏ మాత్ర ఎప్పుడో మూడోసారి అడిగితే కసురుకున్నాను. తిరిగి చూస్తే గుమ్మంలో మా అమ్మాయి. ఏమీ అనలేదు, చూసింది, అంతే. అప్పటిదాకా నేను ఓపికున్న కొడుకుననే అనుకుంటున్నాను. రాత్రి అమ్మ పక్కన కూర్చుని ఒక్కో మాత్రల అట్ట మీద 'పొద్దున', 'రాత్రి' అని పెద్ద అక్షరాలతో రాసిపెట్టాను.