రాత్రి తొమ్మిదిన్నర కాల్‌ను కదిలించని వెల్‌నెస్

హైదరాబాద్‌లో 345 మంది ఐటీ ఉద్యోగులను పరీక్షిస్తే 84 శాతం మందికి కాలేయంలో కొవ్వు ఎక్కువగా ఉందని, 71 శాతం మందికి ఊబకాయం ఉందని 2025లో వెలువడిన ఒక అధ్యయనం చెప్పింది. ఆ అంకెలు పార్లమెంటు దాకా వెళ్లాయి. మన ఆఫీసులు దీనికి చేస్తున్న వైద్యం మాత్రం పాతదే. ఏడాదికోసారి హెల్త్ క్యాంప్, జూన్ 21న యోగా, ఎప్పుడైనా ఓ స్టెప్ ఛాలెంజ్.

నేను పనిచేసిన ఒక చోట నెల రోజులు రోజుకు పది వేల అడుగుల పోటీ పెట్టారు. మా టీమ్‌లో ఒకాయన ఫోన్‌ను కొడుకు ఉయ్యాలకు కట్టేవాడు. మొదటి బహుమతి ఆయనకే వచ్చింది. బహుమతిగా ఇచ్చింది ఫుడ్ కూపన్లు! మరుసటి నెల అడుగుల మాట ఎత్తినవాళ్లు లేరు.

ఇలాంటి కార్యక్రమాలు పనిచేస్తాయా లేదా అన్నది అమెరికాలో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయం తన ఉద్యోగుల మీదే తేల్చుకుంది. 2016లో సుమారు 5 వేల మందిని లాటరీ పద్ధతిలో విడదీసి, కొందరికి వెల్‌నెస్ కార్యక్రమంలో చేరే అవకాశం ఇచ్చారు, మిగతావారికి ఇవ్వలేదు. చేరినవాళ్లను, చేరనివాళ్లను ఊరికే పోల్చి చూస్తే కార్యక్రమం బ్రహ్మాండంగా కనిపించింది. లాటరీ ప్రకారం పోలిస్తే వైద్య ఖర్చులోగానీ, వ్యాయామపు అలవాట్లలోగానీ చెప్పుకోదగ్గ తేడా లేదు. అసలు సంగతేమిటంటే, చేరినవాళ్లు ముందునుంచే ఆరోగ్యంగా ఉన్నవాళ్లు. జిమ్‌కు వెళ్లేవాడే వెల్‌నెస్ ఫారం నింపుతాడు. మన హెచ్‌ఆర్ ప్రజెంటేషన్లలో ఘనంగా చూపించే అంకెల్లో చాలావరకు ఈ తికమకే ఉంటుందని నా అనుమానం.

మరి మనిషి మారడా? మారతాడు, కానీ ఒక షరతు ఉంది. లండన్‌లో పరిశోధకురాలు ఫిలిప్పా లాలీ బృందం 96 మందిని 84 రోజులపాటు గమనించింది. ఒక్కొక్కరూ ఒక చిన్న పనిని ఎంచుకుని, రోజూ ఒకే సందర్భానికి ముడిపెట్టారు. భోజనంతోపాటు గ్లాసు నీళ్లు తాగడంలాంటివి. అలవాటు కుదురుకోవడానికి సగటున 66 రోజులు పట్టింది. మనిషినిబట్టి 18 రోజుల నుంచి 254 రోజుల వరకు తేడా ఉంది (84 రోజులు దాటినవి లెక్కగట్టిన అంచనాలు). '21 రోజుల్లో కొత్త జీవితం' అనే వాట్సాప్ మాటకు ఇక్కడ ఆధారం లేదు. ఒక రోజు తప్పినా నష్టం లేదని కూడా తేలింది. జనవరి ఐదో తారీకునే 'ఇక మన వల్ల కాదులే' అనుకునే నాలాంటివాళ్లకు ఇది పెద్ద ఊరట.

షరతు ఆ ముడిలోనే ఉంది. అలవాటును తగిలించడానికి రోజులో ఒక కొక్కెం కావాలి, అది కదలకూడదు. మన ఉద్యోగాలు పీకేసేది దాన్నే. వారం మారితే షిఫ్ట్ మారుతుంది. క్లయింట్ ఉండే కాలిఫోర్నియాలో ఉదయం 9 అంటే వేసవిలో మనకు రాత్రి 9.30. నవంబర్‌లో అక్కడ గడియారం వెనక్కి తిప్పితే అదే మీటింగ్ మనకు 10.30 అవుతుంది. భోజనం, నిద్ర, పొద్దున్నే నడక, అన్నీ దాని వెనకే జరుగుతాయి. పైగా తెలంగాణ 2025 జూలైలో వాణిజ్య సంస్థలకు రోజుకు 10 గంటల పనిని అనుమతించింది. వారానికి 48 గంటల పరిమితి ఉందనుకోండి. కాగితం మీది 48 లాగిన్ లెక్కలో ఎంతవుతుందో ఉద్యోగులకు తెలుసు.

'క్లయింట్ అక్కడున్నాడు, ఏం చేస్తాం' అంటారు మేనేజర్లు. నిజమే. కానీ ఆ కాల్‌లో పదిమంది ఉంటే మాట్లాడేది ఇద్దరు, మిగతావాళ్లు మ్యూట్‌లో ఉంటారు. వెల్‌నెస్ బడ్జెట్ అడగకుండా మార్చగలిగినది ఇదొక్కటే, ఎవరూ ముట్టుకోనిదీ ఇదే.

మా టీమ్‌లో గత ఏడాది రోజువారీ కాల్‌ను మంగళ, గురువారాలకు తగ్గించారు. మిగతా రోజుల్లో నాలుగు లైన్ల మెయిల్ చాలు. కాల్ ఉన్న రోజున నేను ఏడున్నరకే డబ్బా విప్పుతాను. లేని రోజుల్లో ఎనిమిదింటికి ఇంట్లో అందరితో కలిసి తిని, కాలనీలో రెండు చుట్లు తిరిగొస్తాను. ఎన్ని అడుగులో లెక్కపెట్టడం మానేశాను.