సవరణ: పొడపత్రి ఇన్సులిన్‌కి బదులు కాదు

టైప్ 1 షుగర్ గురించి ఇంతకుముందు రాసిన పోస్టులో, పొడపత్రి ఆకు రోజూ వాడితే ఇన్సులిన్ మెల్లగా తగ్గించుకోవచ్చని రాశాను. అది తప్పు. ఆ వాక్యం తీసేశాను. అది చదివి ఎవరైనా డోసు తగ్గించి ఉంటే, దయచేసి ఈరోజే మీ డాక్టరుతో మాట్లాడండి.

టైప్ 2 గురించి చదివినదాన్ని టైప్ 1కి అంటగట్టాను. టైప్ 1లో ఇన్సులిన్ తయారుచేసే బీటా కణాలను మన రోగనిరోధక వ్యవస్థే నాశనం చేస్తుంది. వాటిని ఏ ఆకైనా తిరిగి తెప్పిస్తుందని మనుషుల్లో రుజువు కాలేదు. పొడపత్రి నమిలాక పంచదార నోట్లో వేసుకుంటే ఇసుక నమిలినట్టుంటుంది, తీపే తెలియదు. అది నాలుక మీద జరిగే పని. రక్తంలో షుగర్ తగ్గిందని దానర్థం కాదు.

ఇన్సులిన్ ఆపితే కీటోన్లు (ఒంట్లో కొవ్వు కరిగినప్పుడు పుట్టే ఆమ్లాలు) పెరిగి ఒకటి రెండు రోజుల్లోనే ప్రాణం మీదికి రావచ్చు. విపరీతమైన దాహం, వాంతులు, ఆయాసం, ఊపిరిలో మాగిన పండ్ల వాసన కనిపిస్తే ఆగకుండా ఆసుపత్రికి వెళ్లండి. ఇన్సులిన్‌తో పాటు ఆకుమందు వాడుతున్నా డాక్టరుకి చెప్పాలి, షుగర్ మరీ పడిపోవచ్చు.

ఆశ లేదని కాదు. 2022లో అమెరికాలో అనుమతి పొందిన టెప్లిజుమాబ్ అనే మందు, ముప్పు ఉన్నవారిలో ఈ జబ్బు బయటపడటాన్ని కొంతకాలం వాయిదా వేయగలుగుతోంది.