ఆదివారం గోల్కొండలో ఎవరి చప్పట్లు ఎవరివి?

స్నేహితుడి పుట్టినరోజుకి సర్‌ప్రైజ్‌గా ఊరు తిప్పుదాం అనగానే జనం బెలూన్ల కొట్టుకి పరిగెడతారు. ముందు చూడాల్సింది క్యాలెండర్. హైదరాబాదులో శుక్రవారం పనికిరాదు, సాలార్‌జంగ్ మ్యూజియానికీ చౌమహల్లా ప్యాలెస్‌కీ ఆరోజే సెలవు. సోమవారం జూపార్కు మూత. శనివారం అన్నీ తెరిచే ఉంటాయి గానీ మనవాడి నోరు మూత. శనివారం నీచు ముట్టనివాణ్ని పాతబస్తీ దాకా లాక్కెళ్లి పెరుగన్నం పెట్టించడాన్ని కక్ష అంటారు. పైగా ఆ పూట 9 నుంచి 10:30 దాకా రాహుకాలం, వాళ్లమ్మగారు గడప దాటనివ్వరు. ఆదివారం రాహుకాలం సాయంత్రం 4:30కి గానీ రాదు. అప్పటికి మీరు గోల్కొండ మెట్ల మీద ఉంటారు, ఆవిడ చేతికి దొరకరు. కాబట్టి ఆదివారమే.

వాడికి గడియారాల పిచ్చి ఉందనుకుందాం. బీరువాలో బట్టల కంటే పాత హెచ్‌ఎంటీ వాచీలే ఎక్కువ. అలాంటివాడికి ప్లాన్ కోసం బుర్ర బద్దలు కొట్టుకోనక్కర్లేదు. మధ్యాహ్నం 12కి సాలార్‌జంగ్‌లో మ్యూజికల్ క్లాక్, తర్వాత బిర్యానీ, ఇరానీ చాయ్, సాయంత్రం గోల్కొండ. కానుకగా కీ ఇచ్చే హెచ్‌ఎంటీ వాచీ. కాగితం మీద అంతా దివ్యంగా ఉంటుంది.

వాణ్ని ఇంట్లోంచి బయటికి తెచ్చే అబద్ధం దగ్గర మొదలవుతాయి తిప్పలు. "ఎవరిదో రిసెప్షన్, పద" అన్నారనుకోండి, ఇస్త్రీ కుర్తా, కొత్త తోలు చెప్పులతో దిగుతాడు. గోల్కొండలో 350కి పైగా మెట్లు. నూరో మెట్టు దగ్గర చెప్పులు చేతికొస్తాయి. "సామాన్లు మార్చాలి, సాయం రా" అంటే చిరుగుల టీషర్టు తగిలించుకొస్తాడు, ఇక ఏడాదంతా ఆ ఫొటోలే. అబద్ధమన్నది వాడి కాళ్లకి సరైన బూట్లు తొడిగించాలి. ఈ పని చేసేది ఒక్కటే: "అద్దె ఇల్లు ఒకటి చూడాలి మామా. నాలుగో అంతస్తు, లిఫ్ట్ లేదు." కాకపోతే దారి పొడవునా మంజీరా నీళ్లొస్తాయా, ఓనరు పైనే ఉంటాడా, అడ్వాన్స్ ఎన్ని నెలలు అని అడుగుతూనే ఉంటాడు. జవాబులు ముందే అనుకుని పెట్టుకోండి. ఒకసారి మూడు నెలలని, ఇంకోసారి రెండని అన్నారో, దొరికిపోయినట్టే.

ఇక గుట్టు రట్టు చేసేవి ఫోన్లు. కొత్త వాట్సాప్ గ్రూప్ పెట్టే పెద్దమనిషి తొందరలో పాత గ్రూపులో ఉన్నవాళ్లందర్నీ టిక్ కొట్టేస్తాడు, అందులో వాడూ ఉంటాడు. తలా 750 వసూలు చేసే బాధ్యత తీసుకున్నవాడు పుట్టినరోజు పెళ్లికొడుక్కి కూడా యూపీఐ క్యూఆర్ కోడ్ పంపిస్తాడు. ఇవన్నీ దాటుకుని క్యాబ్ ఎక్కితే, డ్రైవరన్న ఓటీపీ అడిగి, తల వెనక్కి తిప్పి, "సాలార్‌జంగ్ మ్యూజియమే కదా సార్?" అంటాడు. డ్రాప్ నయాపూల్ అని పెట్టండి, అక్కణ్నుంచి నడక దూరమే. నయాపూల్‌లో ఇల్లేంట్రా అంటే, బ్రోకర్ అక్కడ కలుస్తానన్నాడని చెప్పండి. బ్రోకర్లు ఎక్కడైనా కలుస్తారు.

కానుకని రంగుకాగితంలో చుట్టి బ్యాగులో పెట్టారా, మ్యూజియం గేటు దగ్గర తనిఖీ చేసే ఆయన దాన్ని బయటికి తీసి, చెవి దగ్గర పెట్టుకుని, "ఇదేంటి, టిక్కుటిక్కుమంటోంది?" అంటాడు, మనవాడి ఎదురుగానే. అందుకని వాచీ మీ చేతికే పెట్టుకోండి. గడియారాల పిచ్చోడు మనిషి మొహం కంటే ముందు మణికట్టు చూస్తాడు కాబట్టి పొడుగు చేతుల చొక్కా తప్పనిసరి. పొద్దున్నే కీ నిండా తిప్పి టైము సరిచేయండి. ఇది ఆటోమేటిక్ కాదు, చేతికి ఉన్నంత మాత్రాన నడవదు. మర్చిపోయారా, పట్టపగలు 12కి క్లాక్ ముందు చొక్కా చెయ్యి మడిచి తీసిచ్చే కానుకలో తెల్లవారుజాము మూడుంపావు అయి ఉంటుంది.

క్లాక్ ముందు 11:30కే కూర్చోవాలి. గడ్డం బొమ్మ గంటగంటకీ బయటికొచ్చి ఎన్ని గంటలైతే అన్ని దెబ్బలు కొట్టి లోపలికి పోతుంది. పన్నెండు దెబ్బలూ చూడాలని అందరూ ఆ వేళకే వస్తారు. వెనక నిలబడితే కనిపించేది ముందువాళ్ల ఫోన్లలో బొమ్మే.

కేకు, దానితోపాటు ఇద్దరు ముగ్గురు మిత్రులు వేరే కారులో తిన్నగా గోల్కొండకి రావాలి. కేకు డబ్బాని సీటు మీద పెట్టకండి. సీటు వెనక్కి వాలి ఉంటుంది, మొదటి స్పీడ్ బ్రేకర్‌కే క్రీమంతా ఒకవైపు చేరుతుంది. చదునుగా ఉండే కాళ్ల దగ్గర పెట్టి, ఏసీ గాలి అటు తిప్పాలి. ఎండాకాలమైతే క్రీమ్ కేకే వద్దు, ప్లమ్ కేకు పట్టుకురండి.

అసలు పరీక్ష కోటలో. ముఖద్వారం గుమ్మటం కింద చప్పట్లు కొడితే కొండమీద బాలా హిస్సార్‌లో వినిపిస్తాయి కదా, కారులో వచ్చినవాళ్లు కింద దాక్కుని కొడతారు, వాడు పైనుంచి విని తబ్బిబ్బవుతాడు, ఇదీ పథకం. కానీ ఆదివారం ఆ గుమ్మటం కింద ప్రతి గైడూ కొడతాడు, పిక్నిక్‌కొచ్చిన పిల్లలు కొడతారు, కొత్త అల్లుళ్లు కొడతారు. పైన వినపడేది ఊరందరి చప్పట్లు. "మావి వినపడ్డాయా?" అని చివరికి ఫోన్లోనే అడగాల్సొస్తుంది. అందుకే సంకేతం ముందే ఖాయం చేసుకోవాలి: మూడు, కాస్త ఆగి, రెండు. కొట్టేవాళ్లు గుమ్మటానికి సరిగ్గా కింద నిలబడాలి, పక్కకి జరిగితే శబ్దం పైకెక్కదు. పైన ఉన్నవాళ్లు నోరు మూసుకోవాలి. ఇది కష్టం, ఎందుకంటే వాడు అప్పటికీ అడ్వాన్స్ గురించే అడుగుతుంటాడు.

చీకటి పడేలోగా దిగి, పార్కింగులో కారు బానెట్ మీద కేకు పెట్టండి. అందరూ పాట అందుకుంటారు, వాడు కత్తి పట్టుకుంటాడు, కళ్లు తుడుచుకుంటాడు. తర్వాత మిమ్మల్ని పక్కకి పిలిచి, "మామా, నేనూ ఇల్లు మారదామనుకుంటున్నా. ఆ ఓనరు నంబరివ్వు" అంటాడు.