సేటు కాని సెట్ గారికి

మహారాజశ్రీ సెట్ గారికి,

నల్లగొండ జిల్లా దేవరకొండ వైపు నుంచి ఒక చిన్న రైతు ‘సెట్’ అనే ఇంగ్లీషు మాటకు రాసుకుంటున్న విన్నపం. మా వైపు సేటు అంటే వడ్డీకి డబ్బులిచ్చే షావుకారు. ఆయనకూ మీకూ చుట్టరికం లేదని నాకు తెలుసు. గుణం మాత్రం కలిసింది. మొదట చిన్న అవసరానికి ఆదుకుంటారు, చివరకు ఇల్లు రాయించుకుంటారు.

మా ఊరికి మీరు పంపుసెట్టు రూపంలో వచ్చారు. అందులో న్యాయం ఉంది. మోటారు లేని పంపు, పంపు లేని మోటారు రెండూ ఇనుప ముద్దలే కాబట్టి జతకు ఒక పేరు కావలసి వచ్చింది. తర్వాత కప్పులూ సాసర్లతో వచ్చారు, పెళ్లికూతురి నగలతో వచ్చారు, కర్ణాటక వైపు నుంచి దోసెలతో వచ్చారు. వద్దన్నవారు లేరు. టిఫిన్ దగ్గర ఎవరు మాత్రం వాదనకు దిగుతారు?

మీ పుట్టింట మీ పలుకుబడి సంగతి చదివాను. 1989 నాటి ఆక్స్‌ఫర్డ్ పెద్ద నిఘంటువులో మీకు 430 అర్థాలట. వాటిని వివరించడానికి 60,000 మాటలు పట్టాయట. తర్వాత ‘రన్’ అనే క్రియ 645 అర్థాలతో మిమ్మల్ని దాటిపోయిందని విని జాలిపడబోయాను. అక్కర్లేదనిపించింది. ఆ రన్ గారు మా దగ్గర క్రికెట్ మైదానంలోనూ, రన్నింగ్ బస్సు ఎక్కేటప్పుడూ తప్ప కనబడరు. మీరు లేని గడప లేదు.

మీ వంశం కూడా ఒకటి కాదట. ‘పెట్టు, ఉంచు’ అనే అర్థంతో పాత ఇంగ్లీషు నుంచి వచ్చిన క్రియ ఒకరు, లాటిన్‌లో పుట్టి పాత ఫ్రెంచి మీదుగా వచ్చిన ‘గుంపు’ మరొకరు. ఇద్దరూ ఒకే పేరుతో, ఒకే అక్షరాలతో కాపురం పెట్టారు. ఈ రెండు గోత్రాలు చాలవని మూడోది మేమిచ్చాం. ఉమ్మడి ప్రవేశ పరీక్ష ఇంగ్లీషు పేరులోని పొడి అక్షరాలు కలిపి చదివితే మీరే పలుకుతారు. ఐసెట్, ఈసెట్, లాసెట్, ఎడ్‌సెట్, పాలిసెట్. వైద్య విద్య నీట్‌కు వెళ్లిపోయి ఏళ్లయినా ఎంసెట్‌లో ‘ఎం’ కూర్చునే ఉండి, 2024లో గానీ లేవలేదు. పేరు ఈఏపీసెట్ అయింది. చివర మీరు అంగుళం కదలలేదు. మా పిల్లల భవిష్యత్తంతా మీ తోకకు కట్టి ఉంది.

లెక్కల మాస్టార్లు మాత్రం మిమ్మల్ని కాస్త ఎదిరించారు. పదో తరగతి తెలుగు మీడియం లెక్కల పుస్తకంలో మీరు ‘సమితి’. అది విని మా నాన్న, “లెక్కల్లోకి సమితి ఎందుకొచ్చింది?” అన్నారు. ఆయన తప్పేమీ లేదు. 1959లో అప్పటి మహబూబ్‌నగర్ జిల్లా షాద్‌నగర్‌లో పంచాయతీరాజ్ మొదలైనప్పటి నుంచి, మండలాలు వచ్చేదాకా, సమితి అంటే పల్లెవాడు అర్జీ పట్టుకుని వెళ్లే చోటు. ఆ తర్వాత అది రాష్ట్రం తెచ్చిన పార్టీ పేరులో చేరింది. 2022లో ఆ పార్టీ పేరులో తెలంగాణను వదిలి భారతాన్ని పట్టుకుంది కానీ సమితిని వదలలేదు.

ఇక అసలు ఫిర్యాదు. మీరు రాకముందు మా ఇంట్లో పెరుగు తోడుకునేది, సిమెంటు గట్టిపడేది, రవిక కుదిరేది, రంగు నప్పేది, విరిగిన ఎముక అతుక్కునేది, అత్తాకోడళ్లకు అప్పుడప్పుడు పొసిగేది. ఇప్పుడు ఇవన్నీ ‘సెట్’ అవుతున్నాయి. ఇన్ని పనులు చేసే మాటలను ఇంటికి పంపేసి, అందరి హాజరూ మీరే వేసుకుంటున్నారు. సెటప్ అనే మీ బంధువు మా ఊళ్లో ఏ పనిలో ఉన్నాడో మర్యాద కొద్దీ రాయడం లేదు.

మోటారు ఆగిపోయిందని మెకానిక్‌ను పిలిచాను. స్టార్టర్ డబ్బా మూత తీశాడు, మూత పెట్టాడు, “సెట్ చేశానన్నా” అన్నాడు. రిలే మార్చాడా, ఫ్యూజు వేశాడా, వదులైన వైరు బిగించాడా, మోటారుకు దండం పెట్టాడా? మీరు చెప్పరు, అతనూ చెప్పడు. కూలి మాత్రం అర్థమయ్యే తెలుగులోనే అడిగాడు. మీ చేతివాటం ప్రభుత్వానికీ తగిలింది. 2018 జనవరి 1 నుంచి సాగుకు 24 గంటల ఉచిత కరెంటు అన్నాక, ఆటోస్టార్టర్లు తీసేయండని రైతులను బతిమాలవలసి వచ్చింది. కరెంటు రాగానే మోటారు దానంతట అదే తిరిగేలా సెట్ చేసి మేం ఇళ్లలో నిద్రపోతే, బోర్లలో నీళ్లు అడుగంటుతాయని భయం.

పెళ్లిళ్ల పేరయ్యను అడిగినా అంతే. “ఆ సంబంధం సెట్ కాలేదు.” కట్నం దగ్గర తెగలేదా, జాతకాలు కలవలేదా, ఈడూజోడూ లేదా, పిల్లకు పిల్లవాడు నచ్చలేదా? ఆడపిల్ల తండ్రి పరువు కాపాడే మాటగా మీకు ఇక్కడ ఒక దండం పెట్టవచ్చు. కానీ అదే దుప్పటి కింద కారు అడిగినవాడినీ దాచారు. అతడు మరో ఊరికి వెళ్లి, “మొన్నటిది సెట్ కాలేదు” అని దర్జాగా కూర్చుంటున్నాడు.

వీటన్నిటినీ ఓర్చుకునేవాణ్నే. నా భూమి కాగితం ఒకటి ఒక కార్యాలయంలో ఆగి ఉంది. ఏ సంతకం తక్కువైందని అడిగితే, కుర్చీలో ఉన్నాయన తల ఎత్తకుండా “చూద్దాం, సెట్ చేద్దాం” అన్నారు. బయట చెట్టుకింద ఉన్న మరొకాయన “లోపల సెట్ చేసుకోండి” అన్నారు. డబ్బు అని ఎవరూ అనలేదు. లంచం అని అసలే అనలేదు. ఫిర్యాదు చేద్దామంటే రాయడానికి ఏముంది? సెట్ చేద్దామన్నందుకు ఎవరి మీద కేసు పెడతారు?

కనుక తమరితో ఒక ఒప్పందం. పంపు దగ్గర ఉండండి, సాసర్ల దగ్గర ఉండండి, దోసెలు మీవే. పరీక్షలు కూడా ఉంచుకోండి, వాటి జోలికి వచ్చే శక్తి నాకు లేదు. ఆ బల్ల దగ్గర నుంచి మాత్రం లేచి రండి. ఎంత కావాలో ఆయననే నోరు తెరిచి తెలుగులో అడగనివ్వండి. కనీసం బేరం ఆడతాను.

ఇట్లు,
పాసుపుస్తకం ఇంకా సెట్ కాని ఒక పట్టాదారు