కోట్లు సరే, మైదానం ఎవరిది?

2023 మే నెలలో అమెరికా అగ్రశ్రేణి ఫుట్‌బాల్ లీగ్ అయిన మేజర్ లీగ్ సాకర్, కాలిఫోర్నియాలోని శాన్ డియెగో నగరానికి ఒక జట్టును మంజూరు చేసింది. ఆ ఒక్క చోటు కోసం కొత్త యజమానులు ఒప్పుకున్న ప్రవేశ రుసుము 50 కోట్ల డాలర్లు. అప్పటికే ఆ ఊళ్లో మరో వృత్తి ఫుట్‌బాల్ జట్టు ఉంది. దాని పేరు శాన్ డియెగో లాయల్. 2020 నుంచి రెండో డివిజన్ అయిన యూఎస్ఎల్ (యునైటెడ్ సాకర్ లీగ్) ఛాంపియన్‌షిప్‌లో ఆడుతోంది. వరుసగా నాకౌట్ దశకు చేరుతోంది, అభిమానులను సంపాదించుకుంది. అయినా ఆగస్టు వచ్చేసరికి ఈ సీజన్‌తో క్లబ్బును మూసివేస్తున్నామని యాజమాన్యం ప్రకటించింది. సొంత స్టేడియం కట్టుకోవడానికి తగిన స్థలం దొరకలేదన్నది చెప్పిన కారణం. ఆ నాలుగేళ్లూ జట్టు ఆడింది ఒక విశ్వవిద్యాలయానికి చెందిన ఆరు వేల సీట్ల మైదానంలో.

ఒకే ఊరు, ఒకే ఏడాది, ఒకే ఆట. ఒకరు చోటు కొనుక్కోవడానికి 50 కోట్ల డాలర్లు పెడుతుంటే, మరొకరు నిలబడటానికి నేల లేక వెళ్లిపోయారు. కింది డివిజన్‌లో ఒక ఫుట్‌బాల్ జట్టు పెట్టడానికి ఎంత ఖర్చవుతుందన్న ప్రశ్నకు చాలామంది ఒక అంకె చెప్పి ఊరుకుంటారు. శాన్ డియెగో కథ చదివాక నాకు ఆ అంకె మీద నమ్మకం పోయింది. డబ్బు ఎంత అన్నదానికన్నా అది దేనికి పోతోందన్నదే జట్టు బతుకును తేలుస్తోంది.

ముందు నిబంధనల సంగతి చూద్దాం. అమెరికా సాకర్ సమాఖ్య ఏ లీగ్‌కు ఏ డివిజన్ హోదా ఇవ్వాలో నిర్ణయించడానికి కొన్ని ప్రమాణాలు పెట్టుకుంది. వాటి ప్రకారం రెండో డివిజన్ జట్టుకు ఒక ప్రధాన యజమాని ఉండాలి, ఆ వ్యక్తికి కనీసం 35 శాతం వాటా ఉండాలి. సొంత ఇల్లు, జట్టులో ఉన్న వాటా కాకుండా నికర ఆస్తి 2 కోట్ల డాలర్లకు తగ్గకూడదు. మూడో డివిజన్‌కైతే కోటి డాలర్లు చాలు. జట్టు సీజన్ మధ్యలో చేతులెత్తేస్తే ఆదుకోవడానికి పూచీకత్తుగా రెండో డివిజన్ క్లబ్బు 7.5 లక్షల డాలర్లు, మూడో డివిజన్ క్లబ్బు 2.5 లక్షల డాలర్లు చూపాలి. స్టేడియంలో రెండో డివిజన్‌కు ఐదు వేల సీట్లు, మూడో డివిజన్‌కు వెయ్యి సీట్లు తప్పనిసరి.

ఈ ప్రమాణాలు పోటీని అణచివేయడానికే ఉన్నాయంటూ నార్త్ అమెరికన్ సాకర్ లీగ్ 2017లో కోర్టుకెక్కింది. అదే ఏడాది అది రెండో డివిజన్ హోదా పోగొట్టుకుంది. ఏడేళ్లకు పైగా వ్యాజ్యం నడిపి, 2025 ఫిబ్రవరిలో బ్రూక్లిన్‌లో జ్యూరీ ముందు ఓడిపోయింది. నిబంధనల వెనకున్న ఉద్దేశాన్ని నేను తప్పుపట్టను. జీతాలు అందక నడిరోడ్డున పడ్డ ఆటగాళ్లను చూసిన దేశం అది. పాతికేళ్ల కుర్రాడు సూట్‌కేసు సర్దుకుని వేరే రాష్ట్రానికి వచ్చాక జట్టు మూతపడితే ఆ కుర్రాడికి జవాబు చెప్పేవారు ఒకరుండాలి. కానీ యజమాని దగ్గర డబ్బు ఉండటం వేరు, ఏటేటా నష్టం భరించడానికి మనసు ఉండటం వేరు. మొదటిదాన్ని బ్యాంకు పత్రాలతో కొలవవచ్చు. రెండోదాన్ని కొలిచే ప్రమాణం ఏ సమాఖ్య దగ్గరా లేదు.

నిబంధనలు దాటాక లీగ్‌కు కట్టాల్సిన ప్రవేశ రుసుము ఉంటుంది. మేజర్ లీగ్ సాకర్‌లో ఇది పెరిగిన తీరు చూస్తే విషయం తెలుస్తుంది. 2007లో చేరిన టొరంటో కట్టింది కోటి డాలర్లు. సిన్సినాటి కట్టింది 15 కోట్లు, షార్లెట్ 32.5 కోట్లు, శాన్ డియెగో 50 కోట్లు. పదహారేళ్లలో యాభై రెట్లు. అమెరికాలో ఆటకు ఆదరణ పెరిగిన మాట నిజమే, అయినా యాభై రెట్లు పెరగలేదు. పెరిగింది చోటుకున్న కరువు. అక్కడ గెలిచి పై మెట్టుకు ఎక్కే దారి లేదు, ఓడి కిందికి జారే భయమూ లేదు. తలుపు మూసి ఉన్నచోట తాళంచెవికి ధర పెరుగుతూనే ఉంటుంది. ఆ ధర కింది డివిజన్లకూ పాకింది. ఒకప్పుడు లక్షల డాలర్లతో దొరికిన రెండో డివిజన్ చోటు ఇప్పుడు మిలియన్లు అడుగుతోంది. రేపు పైవాళ్లు పిలుస్తారేమో, అప్పుడు ఈ చోటు ఎన్నో రెట్లకు అమ్ముడవుతుందేమో అన్న ఆశే దానికి కారణం. ఈ డబ్బుతో ఒక్క బంతి రాదు, ఒక్క శిక్షకుడు రాడు.

అసలు ఖర్చు దాని తర్వాతే మొదలవుతుంది. యూఎస్ఎల్ ఛాంపియన్‌షిప్ ఆటగాళ్ల సంఘం 2021లో కుదుర్చుకున్న తొలి ఉమ్మడి ఒప్పందం ప్రకారం 2022లో కనీస వేతనం నెలకు 2,200 డాలర్లు. ఇరవై నలుగురికి ఆ కనీస వేతనమే ఇచ్చారనుకుందాం. పది నెలలకు 5,28,000 డాలర్లు అవుతుంది. కనీస వేతనంతో మంచి గోల్‌కీపర్ రాడు, పాతికేళ్లు దాటి కుటుంబం ఉన్న డిఫెండర్ అసలే రాడు. కాబట్టి నిజమైన జీతాల పద్దు ఇంతకు బాగా పైనే ఉంటుంది. శిక్షకులు, ఫిజియోలు, టికెట్లు అమ్మే ఉద్యోగులు, గాయాల బీమా అన్నీ దీనికి అదనం. వృత్తి క్రీడాకారులకు బీమా ప్రీమియం ఎంత భారమో క్లబ్బు ఖాతాలు రాసేవారిని అడిగితే చెబుతారు.

ఇక ప్రయాణాలు. ఇంగ్లండులో కింది డివిజన్ జట్టు ఉదయం బస్సెక్కి, ఆడి, రాత్రికి ఇంటికి చేరుతుంది. యూఎస్ఎల్‌లో ఫీనిక్స్ జట్టు మయామి వెళ్లాలంటే మూడు వేల కిలోమీటర్ల పైమాట. పాతికమందికి విమానం, రెండు రాత్రులు హోటలు, భోజనాలు. ఇలాంటి ప్రయాణాలు సీజన్‌కు పదిహేను. దేశం వైశాల్యమే క్లబ్బుల మీద వేసిన పన్ను ఇది. మూడో డివిజన్ జట్లను ప్రాంతాల వారీగా ఆడించి ఉంటే ఎన్నో క్లబ్బులు ఇంకా బతికి ఉండేవని నా నమ్మకం.

రాబడి వైపు చూద్దాం. ఐదు వేల సీట్లు ప్రతి మ్యాచ్‌కూ నిండాయని, సగటు టికెట్ 20 డాలర్లని, సొంత ఊళ్లో పదిహేను మ్యాచ్‌లు జరిగాయని లెక్కవేస్తే 15 లక్షల డాలర్లు వస్తాయి. ఇది పూర్తిగా నిండిన స్టేడియం లెక్క. వానపడిన బుధవారం రాత్రి సగం సీట్లు కూడా నిండవు. పై లీగ్‌కు ఉన్న టీవీ ఒప్పందాల డబ్బు ఇక్కడికి రాదు. అప్పుడు క్లబ్బును నిలబెట్టేవి చిన్నచిన్న రాబడులు: పార్కింగ్, తినుబండారాలు, బీరు, గోడలమీద ప్రకటనలు, మ్యాచ్ లేని రోజుల్లో మైదానం అద్దె. స్టేడియం క్లబ్బుదైతే ఇవన్నీ క్లబ్బువి. విశ్వవిద్యాలయానిదో, పురపాలక సంస్థదో అయితే వీటిలో పెద్ద వాటా వాళ్లకు పోతుంది, పైగా అద్దె కట్టాలి. మ్యాచ్ ఎప్పుడు పెట్టుకోవాలో కూడా వాళ్లే చెబుతారు. అందుకే లాయల్ క్లబ్బు స్థలం కోసం అంతగా వెతికింది, దొరక్క వెళ్లిపోయింది.

దీనికి పూర్తి భిన్నమైన దారి పట్టిన ఊరు డెట్రాయిట్. 2012లో ఐదుగురు స్నేహితులు డెట్రాయిట్ సిటీ క్లబ్బును ఔత్సాహికుల లీగ్‌లో మొదలుపెట్టారు. తొలి మైదానం ఒక ప్రభుత్వ పాఠశాలది. జనం పెరిగి అది చాలకపోయేసరికి పక్కనే ఉన్న హామ్‌ట్రామిక్‌లో కీవర్త్ స్టేడియం మీద వాళ్ల కన్ను పడింది. మహామాంద్యం కాలపు ఉపాధి పథకం కింద కట్టిన ఆ స్టేడియాన్ని 1936లో అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ ప్రారంభించారు. ఎనభై ఏళ్లకు మెట్లు బీటలు వారి, పాడుపడే స్థితికి వచ్చింది. క్లబ్బు బ్యాంకు దగ్గరికి పోలేదు. మిషిగన్ రాష్ట్రంలో స్థానికుల నుంచి చిన్న పెట్టుబడులు తీసుకోవడానికి వీలు కల్పించే చట్టాన్ని ఆసరాగా తీసుకుని అభిమానులనే అడిగింది. 527 మంది కలిసి 7,41,250 డాలర్లు ఇచ్చారు. రాబడిలోంచి వారికి తిరిగి చెల్లించే ఒప్పందం అది. 2016లో జట్టు అక్కడ ఆడటం మొదలుపెట్టింది. 2020లో వృత్తి లీగ్‌లోకి, 2022లో రెండో డివిజన్‌లోకి వచ్చింది. ఆ ఏడాదే యూఎస్ ఓపెన్ కప్‌లో అగ్రశ్రేణి జట్టు కొలంబస్ క్రూను ఓడించింది.

వరుసక్రమం గమనించండి. ముందు ప్రేక్షకులు, తర్వాత మైదానం, ఆ తర్వాత వృత్తి హోదా. ఆటగాళ్లకు జీతాలిచ్చే భారం నెత్తిన పడేనాటికి వేలమంది టికెట్లు కొనే అలవాటులో ఉన్నారు. పది మిలియన్లు పోసి ఒకేసారి పెట్టిన జట్టుకు ఆ ఎనిమిదేళ్ల అలవాటు ఎక్కడ దొరుకుతుంది? సిన్సినాటి దానికి ఎదురు ఉదాహరణగా చెబుతారు. 2016లో మొదలైన ఆ జట్టు మూడో ఏటికే మ్యాచ్‌కు సగటున 25 వేలమందిని రప్పించింది, 2019లో పై లీగ్‌కు వెళ్లింది. అద్భుతమే. కానీ దాని వెనక నగరంలోని అతి సంపన్న కుటుంబాలున్నాయి, నడిబొడ్డున విశ్వవిద్యాలయపు మహా స్టేడియం ఉంది. సిన్సినాటిని చూసి లెక్కలు వేసుకున్న చాలా ఊళ్లకు ఆ రెండూ లేవు.

ఈ కథ మనకు దూరపుది కాదు. చోటు కొనుక్కునే ఫ్రాంచైజీ పద్ధతినే 2014లో ఇండియన్ సూపర్ లీగ్ మన దేశానికి తెచ్చింది. 2019లో పుట్టిన హైదరాబాద్ ఎఫ్‌సీ మూడేళ్లలో, 2022 మార్చి 20న గోవాలో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీల్లో ఓడించి విజేతగా నిలిచింది. ఆ రాత్రి ఎంత సంబరపడ్డామో నాకు గుర్తుంది. రెండేళ్లు తిరగకుండానే జీతాల బకాయిలతో ఆటగాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోయారు, జట్టు పట్టికలో అట్టడుగుకు చేరింది. 2024లో యాజమాన్యం మారింది. 2025లో ఆ జట్టు స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అనే పేరుతో రాజధానికి తరలిపోయింది. సయ్యద్ అబ్దుల్ రహీం శిక్షణలో 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు పుట్టిన ఊరు ఇది. ఆ జట్టుకు ప్రవేశ రుసుము లేదు, ఫ్రాంచైజీ లేదు. పోలీసు శాఖ ఉద్యోగమే ఆటగాడి జీతం, జట్టు ఊరిది. ఆ కాలం తిరిగి రాదని తెలుసు. కానీ ఒక చోట సంతకాలు పూర్తికాగానే ఊరు మారిపోయే జట్టును మన జట్టని పిలిచే హక్కు మనకు ఏపాటిదన్న బాధ మాత్రం నన్ను వదలడం లేదు.

హైదరాబాద్‌లోనే శ్రీనిధి డెక్కన్ అనే మరో జట్టు ఉంది. ఇండియన్ సూపర్ లీగ్‌కు కింది అంచె అయిన ఐ లీగ్‌లో నేరుగా ప్రవేశం పొంది, 2022–23లోను 2023–24లోను రెండో స్థానంలో నిలిచింది. ఆ రెండేళ్లూ విజేతకు ఫ్రాంచైజీ రుసుము లేకుండా పై లీగ్‌కు దారి ఉంది, ఒక్క మెట్టు దూరంలో ఆగిపోయింది. పెద్ద నగరపు పెద్ద జట్టు తరలిపోయినా శ్రీనిధి ఇక్కడ వేళ్లూనుకోవడానికి అజీజ్‌నగర్‌లో సొంత ప్రాంగణంలోని డెక్కన్ అరీనా ఒక ముఖ్య కారణం. అది చిన్న మైదానమే. అయినా ఏ రోజు ఎవరు ఆడాలో క్లబ్బే నిర్ణయించుకుంటుంది.

జట్టు తరలిపోయినా ఊరు ఊరుకోని ఉదాహరణ లండన్‌లో ఉంది. 2002లో వింబుల్డన్ క్లబ్బును మిల్టన్ కీన్స్ అనే మరో ఊరికి తరలించడానికి అనుమతి రాగానే అభిమానులు ఏఎఫ్‌సీ వింబుల్డన్ అనే కొత్త క్లబ్బు పెట్టుకున్నారు. బహిరంగ మైదానంలో ఎంపికలు జరిపి, తొమ్మిదో అంచెలో ఆడటం మొదలుపెట్టి, 2011కల్లా ఫుట్‌బాల్ లీగ్‌కు చేరారు. 2020లో సొంత గడ్డ ప్లౌ లేన్‌లో కొత్త స్టేడియంలోకి అడుగుపెట్టారు, దాని నిధుల్లో అభిమానులు కొన్న బాండ్లు కూడా ఉన్నాయి. అట్టడుగు మెట్టుకు రుసుము లేదు కాబట్టే అది సాధ్యమైంది. ఓడితే ఆగుతారు, గెలిస్తే ఎక్కుతారు.

అమెరికాలో ఇప్పుడు ఆ మార్పుకు మొదటి అడుగు పడింది. 2025 మార్చిలో యూఎస్ఎల్ యజమానులు గెలిచిన జట్టు పైకి, ఓడిన జట్టు కిందికి వెళ్లే పద్ధతికి ఓటు వేశారు. 2027–28లో ఒక కొత్త అగ్రశ్రేణి డివిజన్ కూడా మొదలుపెట్టాలని చూస్తున్నారు. చోటు శాశ్వతం కాదని తేలితే ప్రవేశ రుసుముకు కోట్లు పోయడానికి ఎవరైనా వెనకాడతారు, ఆ డబ్బు మైదానం వైపు, శిక్షణ వైపు మళ్లుతుందని నేను ఆశిస్తున్నాను. డెట్రాయిట్ అప్పుడే ఆ వైపు నడిచింది. నగరంలో ఏళ్లుగా పాడుపడి ఉన్న ఒక ఆసుపత్రి స్థలాన్ని కొని, దాదాపు పదిహేను వేల సీట్ల సొంత స్టేడియం కట్టే ప్రణాళికను ముందుకు తెచ్చింది.