పాస్‌పోర్ట్ కాదు, ఆడిన స్థాయి చూడండి

అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో జట్లు వంతులవారీగా కొత్త ఆటగాళ్లను ఎంచుకునే డ్రాఫ్ట్‌లో, యూరప్ నుంచి వచ్చే కుర్ర గార్డును (బంతిని నడిపించే ఆటగాణ్ని) ముందే తీసుకోవడం జూదమని ఒక వ్యాసంలో రాశారు, ఫ్రాన్స్ ఆటగాడు ఫ్రాంక్ నిలికినాను ఉదాహరణగా చూపించారు. నేను ఒప్పుకోను. 2017లో న్యూయార్క్ నిక్స్ అతన్ని 8వ పిక్‌తో (ఎంపిక వంతుతో) తీసుకుంటే, తర్వాత స్టార్ అయిన డోనవన్ మిచెల్ 13వ పిక్ దాకా మిగిలే ఉన్నాడు, నిజమే. కానీ నిలికినా ఫ్రాన్స్‌లో తన క్లబ్బుకే ఎక్కువగా బెంచ్ మీద నుంచి వచ్చి ఆడేవాడు.

స్లొవేనియా గార్డు లూకా డాన్సిచ్ సంగతి పూర్తిగా వేరు. 19 ఏళ్లకే రియల్ మాడ్రిడ్‌తో యూరప్ క్లబ్బుల అగ్రశ్రేణి టోర్నీ యూరోలీగ్ గెలిచాడు, ఆ సీజన్ ఎంవీపీ (అత్యుత్తమ ఆటగాడు) కూడా అతనే. తనకంటే పదేళ్లు పెద్దవాళ్ల మధ్య, టెన్షన్ నిండిన ఆఖరి నిమిషాల్లో బంతి అతని చేతికే ఇచ్చేవారు. ఆటగాళ్లను వెతికి అంచనా వేసే స్కౌట్లు చూడాల్సింది అదీ! వాళ్లేమో అతనికి వేగం చాలదన్నారు. 2018 డ్రాఫ్ట్‌లో అతన్ని వదిలేసి మొదటి రెండు పిక్‌లతో ఫీనిక్స్ ఐటన్‌ను, శాక్రమెంటో బ్యాగ్లీని తీసుకున్నాయి. మూడో పిక్‌తో డాన్సిచ్‌ను తీసుకున్న అట్లాంటా కూడా అతన్ని డాలస్‌కు ఇచ్చేసి మరో గార్డు ట్రే యంగ్‌ను, ఇంకో ఫస్ట్ రౌండ్ పిక్‌ను తెచ్చుకుంది.

నాకు ఇప్పటికీ మింగుడుపడనిది ఫీనిక్స్ నిర్ణయం. అప్పటికే వాళ్ల కోచ్‌గా వచ్చిన ఇగోర్ కొకోష్కోవ్, 2017లో డాన్సిచ్ ఉన్న స్లొవేనియా జట్టును యూరప్ దేశాల టోర్నీ యూరోబాస్కెట్ విజేతగా నిలిపినవాడు. ఆ కుర్రాడి గురించి అంతకన్నా బాగా చెప్పగలవాళ్లు అమెరికాలో ఇంకెవరున్నారు?