మోటుపల్లి అభయ శాసనానికి ఓరుగల్లు నుంచి ఒక ఫిర్యాదు

మహారాజశ్రీ అభయ శాసనం గారికి,
వీరభద్రస్వామి గుడి, మోటుపల్లి, బాపట్ల జిల్లా.

హనుమకొండ నుంచి నమస్కారాలు. మీరు రాతి స్తంభం కాబట్టి కుశల ప్రశ్నలు అడగను. నేరుగా విషయానికి వస్తాను.

మా మేనకోడలు చీరాల కోడలు. దీపావళి దాటాక ఎండు రొయ్యలు, ఎండు నెత్తళ్ళు, వాళ్ళ అత్తగారు పెట్టిన రొయ్యల పచ్చడి అట్టపెట్టెలో సర్ది పార్శిల్ వేసింది. అంతలో మొంథా తుఫాను. మాకు సముద్రం లేదు గానీ తుఫాను మాత్రం అంత దూరం నుంచి ఓరుగల్లు కాలనీల దాకా వచ్చి, నీళ్ళు ఇళ్ళల్లోకి తెచ్చి మరీ పలకరించి పోయింది. నీళ్ళు తీశాక పార్శిల్ ఆఫీసుకు వెళ్తే పెట్టె గోదాములో లేదు. వాసన వస్తోందని బయట రేకుల కింద పడేశారు. అట్ట నానిపోయింది, పచ్చడి సీసా పగిలింది. కౌంటర్ దగ్గర కుర్రాడు సెల్లు మీంచి తల ఎత్తకుండా, “గోదాం కిరాయి కట్టాలె సార్” అన్నాడు.

గోదాములో లేని పెట్టెకు గోదాం కిరాయి.

“మరి పాడైన సరుకు సంగతేంది తమ్మీ?”

“గది మాకు సంబంధం లేదు సార్. రసీదు ఎనక రాసుంటది, సదువుకోండ్రి.”

చదివాను. మేనేజరు భోజనానికి వెళ్ళాడట, ఆయన వచ్చేదాకా మధ్యాహ్నమంతా అక్కడే బెంచీ మీద కూర్చుని అదే చదివాను. కళ్ళద్దాలు పెట్టుకున్నా కనిపించనంత చిన్న అక్షరాలు. గాలివాన, వరద, ఇతర ప్రకృతి వైపరీత్యాల వల్ల సరుకుకు ఏ నష్టం జరిగినా సంస్థకు ఎలాంటి బాధ్యతా లేదు. సరుకు సకాలంలో తీసుకెళ్ళకపోతే కిరాయి. వైపరీత్యం వాళ్ళకు మినహాయింపు, మనకు కిరాయి. ఆ బెంచీ మీదే మీరు గుర్తుకొచ్చారు. మేనేజరు రాలేదు.

ఎందుకంటే 1244లో మీరు చెప్పింది దీనికి సరిగ్గా తలకిందులు. అంతకు ముందు రాజులు ఏం చేసేవాళ్ళో దాచకుండా ఒంటి మీద చెక్కించుకున్నారు. ఒక దేశం నుంచి ఇంకో దేశానికి పోయే ఓడ తుఫానుకు చిక్కి, పగిలి ఒడ్డుకు కొట్టుకొస్తే, అందులో బంగారం ఉన్నా, గుర్రాలున్నా, ఏనుగులున్నా, రత్నాలున్నా రాజుగారి మనుషులు బలవంతంగా లాక్కునేవాళ్ళు. మా ఓరుగల్లు నేలిన కాకతీయ గణపతిదేవ చక్రవర్తి అది మానేశాడు. ప్రాణం కన్నా ధనమే ఎక్కువనుకుని సముద్రంలోకి దిగినవాళ్ళ మీద దయతో, కీర్తి కోసం, ధర్మం కోసం, నియమించిన సుంకం తప్ప ఇంకేదీ ముట్టుకోమని మాట ఇచ్చాడు. ఆ సుంకమైనా ఎంత? ఎగుమతికైనా దిగుమతికైనా ముప్పయ్యింట ఒక వంతు. నా పెట్టెకు రవాణా, హమాలీ, కిరాయి, ఆ మీద జీఎస్టీ కలిపి లెక్కేస్తే రొయ్యల ఖరీదులో మూడో వంతు దాటింది.

ఒక లెక్కన ఆ పాత రాజులే నయం. సరుకు లాక్కున్నాక అద్దె అడగలేదు.

ఇంకెవరి శాసనమో అయితే నేను ఇంత బాధపడేవాణ్ణి కాదు. మీరు మా వాళ్ళు. అసలు ఓరుగల్లుకు సముద్రం వచ్చిందే పెళ్ళి సంబంధాల మీద. గణపతిదేవుడు తీరం వైపు దండెత్తి వెళ్ళి, దివిసీమ అయ్య వంశపు ఆడపడుచులు నారాంబ, పేరాంబలను పెళ్ళాడాడు. వాళ్ళ తోబుట్టువు జాయపను ఏనుగుల సేనకు అధిపతిని చేశాడు. ఆ జాయపే తర్వాత నాట్యం మీద నృత్త రత్నావళి రాశాడు. అంటే మీ తీరం మాకు అత్తగారి వైపు. ఇప్పుడు మా పిల్లే మీ దిక్కు కోడలైంది, లెక్క సరిపోయింది. పార్శిలు మాత్రం రాదు.

మా ఊళ్ళో కాకతీయులకు కొదవ లేదు, తమరు కంగారు పడకండి. కోట తోరణం బస్టాపు మీద ఉంది, బిర్యానీ హోటల్ బోర్డు మీద ఉంది, ఫంక్షన్ హాలు గేటు మీద థర్మాకోలుతో ఉంది, రాష్ట్ర చిహ్నంలోనూ ఉంది. రామప్పకు 2021లో యునెస్కో గుర్తింపు వచ్చినప్పుడు మేమే కట్టినంత సంబరపడ్డాం. మోటుపల్లి పేరెత్తితే మాత్రం “అదెక్కడ?” అంటారు. పరీక్షలకు చదివే పిల్లలు నయం. “మోటుపల్లి, అభయ శాసనం, గణపతిదేవుడు” అని మూడు ముక్కలు గడగడా చెప్పి నాలుగో ప్రశ్నకు వెళ్ళిపోతారు.

మీ రేవుకు వచ్చిన మార్కోపోలో గారి సంగతి ఎత్తకపోతే బాగుండదు. సుమారు 1290 ప్రాంతంలో వచ్చాడు, మీ ఊరి పేరు ముత్ఫిలి అన్నాడు, పోనీ నోరు తిరగలేదనుకుందాం. సాలెగూడంత సన్నని బట్ట నేస్తారని రాశాడు, సంతోషం. లోయల్లోకి మాంసం ముక్కలు విసిరితే వాటికి వజ్రాలు అంటుకుంటాయనీ, గద్దలు వాటిని ఎత్తుకొస్తాయనీ కూడా రాశాడు. గణపతిదేవుడి కూతురు రుద్రమదేవిని పట్టుకుని, భర్త పోయాక గద్దెనెక్కిన రాణి అని రాసి పడేశాడు. ఊళ్ళో ఎవరినైనా ఒక మాట అడిగితే ఏం పోయింది?

తర్వాత కాకతీయులు పోయారు. రెడ్డి రాజులొచ్చారు. 1358లో అనపోత రెడ్డి మీ పక్కనే ఇంకో శాసనం వేయించి వర్తకులకు మళ్ళీ హామీలిచ్చాడు. హామీ మీద హామీ ఇవ్వాల్సి వచ్చిందంటే మధ్యలో మొదటి హామీకి ఏమైందో నాకు పార్శిల్ ఆఫీసు బెంచీ మీద కూర్చుంటే అర్థమైంది. ఆ తర్వాత కుతుబ్‌షాహీల కాలానికి ఓడలన్నీ బందరు దారి పట్టాయి. మోటుపల్లికి వర్తకులు మిగల్లేదు. మిగిలింది వల వేసేవాళ్ళు.

ఇక్కడే మీతో నాకు అసలు పేచీ. బెంచీ మీద ఉండగా మిమ్మల్ని దేవుడిలా తలుచుకున్నాను. ఇంటికొచ్చి, తడిసిన రొయ్యలు డాబా మీద మళ్ళీ ఎండేస్తూ మీ సుంకాల జాబితా తీసి చూశాను. చందనం ఉంది. దేశవాళీ కర్పూరం ఉంది, చీనా కర్పూరం ఉంది. పన్నీరు, ముత్యాలు, పగడాలు, దంతం, జవ్వాది, పట్టు దారం, రాగి, సీసం, మిరియాలు, వక్కలు. నాకు కనిపించినంత మేర చేప లేదు. పోనీ సుంకం తప్పిందని ఊరుకుందామనుకున్నా. అభయం కూడా లేదే!

ఓడ పగిలితే సరుకు దానంతట అదే నడుచుకుంటూ ఒడ్డుకు రాలేదు కదా. అంత అలల్లో తెప్ప వేసుకుని పోయి, మునుగుతున్నవాణ్ణి, పెట్టెల్ని ఒడ్డుకు లాగింది ఎవరు? నీ మీద ఆ పల్లెకారుల పేరెక్కడ? ప్రాణం కన్నా ధనం ఎక్కువనుకున్నవాడికి అభయమిచ్చావు. ధనం లేకనే ప్రాణం అడ్డం పెట్టి రోజూ తెల్లారకముందే అదే సముద్రంలోకి పోయేవాడు నీకు కనిపించలేదా? 2023 డిసెంబర్ 5న మిచాంగ్ తుఫాను మీ బాపట్ల దగ్గరే తీరం దాటింది. అలాంటి రోజు వల పోతుంది, ఇంజను పోతుంది, ఒడ్డున కట్టేసిన పడవ కూడా పోతుంది. అప్పిచ్చిన షావుకారి లెక్క మాత్రం పోదు. పట్టిన చేప వాడికే, వాడు చెప్పిన ధరకే అమ్మాలి. ఇసకలో నెత్తళ్ళు ఎండేసే ఆడవాళ్ళకు గంటసేపు వాన పడితే వారం కష్టం పోతుంది, దానికి రసీదు కూడా ఉండదు, వెనకా ముందూ చదువుకోవడానికి. ఏడు వందల ఎనభై ఏళ్ళుగా అక్కడే నిలబడి అన్నీ చూస్తున్నావు. గుర్రం పోతుందేమోనని దిగులు పడ్డ రాయివి, మనిషి పోతే నీకేం పట్టింది?

కోపంలో నువ్వు అన్నాను. అననివ్వండి.

మా దగ్గర మాత్రం ఏం గొప్ప అనకండి, నేనే చెప్తాను. అదే గణపతిదేవుడి కాలంలో పాకాల, రామప్ప చెరువులు కట్టారు. కట్టించినవాళ్ళ పేర్లు ఉన్నాయి, గుళ్ళకు పేర్లు ఉన్నాయి. ఆ చెరువుల్లో తరతరాలుగా వల వేస్తున్న ముదిరాజుల పేరు, గంగపుత్రుల పేరు ఏ రాయి మీద ఉందో చూపించమంటే నేనూ నీళ్ళు నమలాల్సిందే. ఏటా సర్కారు చెరువుల్లో ఉచితంగా చేపపిల్లల్ని వదులుతుంది. అవి ఎప్పుడొస్తాయో, ఎంత సైజులో వస్తాయో మాత్రం అడక్కండి.

నిన్న మేనకోడలు ఫోన్ చేసింది. “పాడైనాయంట గదా మామా, మళ్ళ పంపిస్తా” అంది. “వద్దు బిడ్డా, నేనే వస్తా” అన్నాను. ఓరుగల్లులో రైలెక్కితే చీరాలలో దిగొచ్చు, మధ్యలో ఏ గోదామూ ఉండదు. “వస్తే సంక్రాంతికి అటూ ఇటూ రా మామా. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాంక వేట బంద్” అని కూడా చెప్పింది. అరవై ఒక్క రోజులు పడవ కదలదు, చేపలు గుడ్లు పెట్టుకోవాలి కాబట్టి. చేపలకైనా ఒక అభయం దొరికింది, సంతోషం.

కాబట్టి చలికాలంలోనే వస్తాను. ముందు రేవు ఒడ్డుకు పోయి, పడవ దిగినవాళ్ళ దగ్గరే బేరమాడకుండా చేపలు కొంటాను. ఆ తర్వాతే గుడికి. మీ జాబితా పుస్తకంలో చూడ్డం వేరు, దగ్గర నిలబడి వేలు పెట్టి చదవడం వేరు. అరిగిపోయిన అక్షరాల్లో ఎక్కడైనా ఒక్క చేప కనబడిందా, ఈ ఉత్తరంలో సగం వెనక్కి తీసుకుంటాను.

ఇట్లు,
మీ అత్తగారి ఊరి చుట్టం,
హనుమకొండ.